కాటా ఎక్కిన విశ్వవిద్యాలయం

ముక్తాంబ మహిళా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు లావెక్కుతున్నారన్న సంగతి ఉపకులపతి ఆచార్య త్రిపురసుందరి గారికి బెంగుళూరులో తెలిసింది. అక్కడొక సదస్సుకు వెళ్లారామె. మధ్యాహ్న భోజనం అయ్యాక ఒక పెద్దమనిషి తెరమీద బొమ్మలు చూపిస్తూ, ఇకమీదట విశ్వవిద్యాలయాలకు స్థాయిని నిర్ణయించేటప్పుడు విద్యార్థుల ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారని చెప్పాడు. ఆరోగ్యమంటే ఏమిటో ఆయన చాలాసేపు వివరించాడు. కాని భోజనంలో రెండు రకాల పాయసాలు ఉండటం వల్ల మేడం గారికి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి తెరమీద 'సగటు బరువు' అన్న మాట ఒక్కటే మిగిలి ఉంది. ఆమె దాన్ని భద్రంగా మనసులో పెట్టుకుని తిరిగి వచ్చారు.

పిల్లలు లావెక్కుతున్న మాట అబద్ధమేమీ కాదు. ఆ విషయం మీద గృహవిజ్ఞాన శాఖవారు అంతకు ముందే ఒక నివేదిక రాసి ఇచ్చి ఉన్నారు. హాస్టలు ఉప్మా గోడకు పోస్టరు అంటించడానికి పనికొచ్చేలా ఉంటుంది గనక పిల్లలు పొద్దున ఏమీ తినడం లేదని, మధ్యాహ్నానికి నకనకలాడుతూ వచ్చి తెల్లన్నం గుట్టగా పెట్టించుకుని, కూరంటూ ఏదీ లేక సాంబారు పోసుకుని తింటున్నారని, సాయంత్రం గేటుకు ఎదురుగా ఉన్న బేకరీలో పఫ్ఫులూ క్రీము బన్నులూ తింటున్నారని అందులో ఉంది. ఆటస్థలం అధికారుల కార్ల షెడ్డుగా మారినప్పటినుంచి వాళ్లకు పరుగెత్తే చోటు లేదని కూడా ఉంది. కూరగాయలు పెట్టండి, ఆటస్థలం తిరిగి ఇవ్వండి అని చివర్లో కోరారు.

ఆ నివేదికలో జబ్బూ ఉంది, మందూ ఉంది. మందుకు ఖర్చవుతుంది కాబట్టి యాజమాన్యం జబ్బును మాత్రం ఆమోదించింది.

వెంటనే 'స్థూలకాయ నిర్మూలన మహాసంకల్ప సంఘం' ఏర్పడింది. అధ్యక్షురాలు ఉపకులపతి, కార్యదర్శి రిజిస్ట్రారు పురుషోత్తం గారు. మొదటి సమావేశం జీడిపప్పుతోనూ మైసూరుపాకుతోనూ ప్రారంభమైంది. స్థూలకాయం అనునది వ్యక్తిగత సమస్య కాదనీ సంస్థాగత సవాలనీ మేడం గారు సెలవిచ్చారు. సవాలును ఎదుర్కోవాలంటే ముందు తూచాలని రిజిస్ట్రారు గారు అన్నారు. అందరూ బల్లలు చరిచారు. మైసూరుపాకు మరో విడత వచ్చింది.

తూచే యంత్రానికి టెండరు పిలిస్తే ఒక్కడే వచ్చాడు. అతను మార్కెట్ యార్డుకు చెనిక్కాయ మూటలు తూచే కాటాలు సరఫరా చేసే మనిషి. 'బరువు తూచునది' అని టెండరులో రాసిన మాటకు ఆ కాటా అక్షరాలా సరిపోయింది గనక రిజిస్ట్రారు గారికి అభ్యంతరం కనిపించలేదు. యార్డులో దూరంగా నిలబడ్డ వ్యాపారులు కూడా చూసేందుకు వీలుగా దానికి జానెడేసి ఎర్ర అంకెలు వెలిగే పలక ఒకటి ఉంది. కాటాను మెస్సు గుమ్మంలో బిగించారు. మేడం గారు కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, పక్కనుంచి జాగ్రత్తగా నడిచి లోపలికి వెళ్లారు.

బరువును బట్టి పిల్లలకు మూడు రంగుల కార్డులు ఇచ్చారు. మెళ్లో వేసుకోవాలి. ఎర్ర కార్డుకు సగం భోజనం. పసుపు కార్డుకు మారు వడ్డన లేదు. ఆకుపచ్చ కార్డుకు ప్రోత్సాహకంగా రోజూ ఒక లడ్డూ.

వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్న చౌడేశ్వరికి ఎర్ర కార్డు వచ్చింది. పెన్న ఒడ్డున ఒక చిన్న పల్లె ఆమెది. తండ్రి ట్రాక్టరు నడుపుతాడు. వాళ్లింట్లో అందరిదీ పెద్ద ఎముకే. ఆమెకు పైన కొంచెం ఒళ్లు కూడా ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆటస్థలం ఉన్నన్నాళ్లు పొద్దున్నే లేచి దాని చుట్టూ తిరిగేది. కార్ల షెడ్డు వచ్చాక కార్ల చుట్టూ తిరగబోతే కాపలావాడు అనుమానించాడు. కార్డు ఇచ్చిన రోజు చౌడేశ్వరి దాన్ని మెళ్లో వేసుకుని, పెట్టిన సగం అన్నమూ తిని, కంచం కడుక్కుని వెళ్లిపోయింది. సిగ్గుపడటం ఆమెకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు.

ఆమె గదిలోనే ఉండే షాహిదా సంగతి వేరు. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. ప్రొద్దుటూరు పిల్ల. బూరెల్లాంటి బుగ్గలు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ కబుర్లు చెప్పే నోరు. చౌడేశ్వరిని అక్కా అని పిలిచేది. ఆ పిల్లకు పసుపు కార్డు వచ్చింది. ఆమె కాటా ఎక్కినప్పుడు వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజు షాహిదా అన్నం కలిపి, కలిపినట్టే వదిలేసి లేచింది.

నెల తిరిగేసరికి సగటు తేలింది. పెరిగింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఎర్ర కార్డుల వాళ్లు సగం భోజనం చేసి, మిగతా సగం ఆకలిని బేకరీలో క్రీము బన్నులతో తీర్చుకుంటున్నారని తెలిసింది. ఆకుపచ్చ వాళ్లలో చాలామంది లడ్డూల వల్ల పసుపులోకి వచ్చారని కూడా తెలిసింది. లడ్డూ ప్రోత్సాహకం కాబట్టి దాన్ని తీసివేయడం విద్యార్థినుల మనోధైర్యాన్ని దెబ్బతీస్తుందని రిజిస్ట్రారు గారు అభిప్రాయపడ్డారు. కాబట్టి గేటు మూయించారు. బేకరీ యజమాని తెలివైనవాడు. ప్రహరీగోడ అవతల నిచ్చెన వేసుకుని, తాడుకు బకెట్టు కట్టి పఫ్ఫులు దించడం మొదలుపెట్టాడు. పిల్లలకు ఇదివరకు బేకరీ దాకా నడవడమైనా ఉండేది. ఇప్పుడు ఆ నడకా తప్పింది. రెండో నెల సగటు ఇంకా పెరిగింది.

రిజిస్ట్రారు గారు పూర్వాశ్రమంలో గణితం చెప్పినవారు. సగటు అనేది తగ్గాలంటే మనుషులు తగ్గనక్కర్లేదని, మనుషుల సంఖ్యలో సవరణ చాలునని ఆయనకు ఒక రోజు స్ఫురించింది. మూడో నెల తూకం రోజున ఎర్ర కార్డుల వాళ్లందరికీ 'క్షేత్ర అధ్యయన' సెలవు ఇచ్చి ఇళ్లకు పంపించారు. సగటు చక్కగా దిగింది. ఇంటికెళ్లిన పిల్లల్ని చూసి తల్లులు, హాస్టల్లో సగం తిండే పెడుతున్నారట అని కంటతడి పెట్టి, ఓళిగలు చేసి నెయ్యి పోసి పెట్టారు. వాళ్లు తిరిగివచ్చాక మళ్లీ తూచాలని ఎవరూ అనుకోలేదు.

అయితే దిగిన సగటును అక్కడే నిలబెట్టాలి. విశ్వవిద్యాలయాల స్థాయిని నిర్ణయించే తనిఖీ బృందం వస్తోంది. అందుకని ఎర్ర కార్డుల వాళ్లను హాస్టలు నుంచి శాశ్వతంగా తప్పిస్తూ ఉత్తర్వు తయారైంది. మొదటి విడతలో చౌడేశ్వరి పేరుంది. వాళ్ల పల్లెకు రోజూ బస్సులో వచ్చిపోవడం అయ్యే పని కాదు. పట్నంలో గది అద్దెకు తీసుకుని ఉంచే స్తోమతు తండ్రికి లేదు. ప్రయోగశాలలో ఆమె విత్తనం నుంచి పెంచుతున్న మొక్కలు అప్పుడే మొగ్గ తొడుగుతున్నాయి. వాటి మీదే ఆమె రాయవలసిన పరిశోధన వ్యాసమంతా ఆధారపడి ఉంది. ఆమె రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, పరీక్షలు నెత్తి మీదికొచ్చినాయి. ఇప్పుడు పొమ్మంటే నేనేడికి పోవల్ల?"

"నిన్ను పొమ్మనడం లేదమ్మా," అన్నారాయన దయగా. "నివాస విద్యార్థిని హోదా నుంచి నివాసేతర విద్యార్థిని హోదాకు మారుస్తున్నాం. విద్యార్థిని హోదాకు ఏ భంగమూ లేదు. నివాసం ఒక్కటే ఉండదు."

తనిఖీ వాళ్లకు గదులు ఖాళీగా కనిపిస్తే బాగుండదు గనక అది అయిపోయేవరకు ఉండనిస్తామని, ఆ తర్వాత గది ఖాళీ చేయాలని చెప్పి పంపించారు. చౌడేశ్వరి గదికి వచ్చి ఆ సంగతి చెబితే షాహిదా ఏడ్చింది. ఏడుస్తుంటే ఆమె మెడ దగ్గర ఎముకలు పైకి తేలడం చౌడేశ్వరి కంటపడింది.

అప్పటికే ఆ పిల్ల ఆకుపచ్చలోకి వచ్చి చాలా రోజులైంది. లడ్డూ తెచ్చి చౌడేశ్వరికి ఇచ్చేది. అడిగితే తిన్నానక్కా అనేది. దువ్వెన నిండా జుట్టు, మెట్లెక్కితే కళ్లు తిరగడం, గోళ్లు సున్నం రంగు. చౌడేశ్వరి వార్డెను దగ్గరికి వెళ్లి చెప్పింది. సన్నబడ్డవాళ్లను చూసి అసూయపడటం ఎర్ర కార్డు వాళ్లకు సహజమేనని, దాన్ని అధిగమించడానికి ధ్యానం చేయమని వార్డెను సలహా ఇచ్చింది.

ఆ సాయంత్రం చౌడేశ్వరి షాహిదాను కూర్చోబెట్టి ఎందుకిట్ల చేస్తున్నావని గట్టిగానే అడిగింది.

"తినాలని కూర్చుంటానక్కా. ముద్ద నోటి కాడికి తీసుకుంటానే ఆ ఎర్ర అంకెలు వెలుగుతాయి. కండ్లు మూసుకున్యా వెలుగుతాండాయి," అంది షాహిదా.

చౌడేశ్వరి ఆ రాత్రే ప్రొద్దుటూరుకు ఫోను చేసి షాహిదా తల్లితో మాట్లాడింది. తల్లి వచ్చి పిల్లను తీసుకుపోతానంటే, తనిఖీ పూర్తయ్యేదాకా షాహిదాను కదిలించడానికి వీల్లేదని కార్యాలయం వారు చెప్పారు. అప్పటికే సంఘం ఆ పిల్లను 'ఆదర్శ విద్యార్థిని'గా ఎంపిక చేసింది. అందరికంటే తక్కువ కాలంలో అందరికంటే ఎక్కువ తగ్గింది ఆమేనట. ఆమె ముందటి ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ముందటి ఫొటోలో నవ్వుతోంది.

తనిఖీ రోజు వచ్చింది. పొద్దున్నే ఎర్ర కార్డుల వాళ్లందర్నీ బస్సులెక్కించి ఎక్కడో కొండల్లో గుహలు చూడటానికి పంపించారు. చౌడేశ్వరి మొక్కలకు నీళ్లు పోయాలని చెప్పి బస్సెక్కలేదు. నీళ్లు పోసి నేరుగా సభామందిరానికి వెళ్లి, చివరి వరుస వెనక గోడకానుకుని నిలబడింది.

వేదిక మీద పూలదండలతో అలంకరించిన కాటా ఉంది. తనిఖీ బృందం నాయకుడు ఒక ముసలాయన. పక్కన ఇద్దరు సభ్యులు. మేడం గారు ప్రసంగించారు. దేహమును జయించిన స్త్రీ దేశమును జయించునని, ఈ ప్రాంగణంలో ఆ విజయయాత్ర ఇప్పటికే ప్రారంభమైనదని అన్నారు. తర్వాత పట్టుచీర కట్టిన షాహిదాను తీసుకొచ్చి కాటా ఎక్కించారు. అంకె వెలిగింది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగకముందే షాహిదా ఆ కాటా మీదనుంచే ఒరిగి పడిపోయింది.

విద్యార్థిని ఆనందాతిశయంతో భావోద్వేగానికి లోనైనదని రిజిస్ట్రారు గారు మైకులో ప్రకటించారు. నీళ్లు చల్లారు. లేవలేదు. అంబులెన్సు ఏదని ముసలాయన అడిగాడు. అది అతిథులకు బిర్యానీ తేవడానికి పట్నానికి వెళ్లింది. ఎవరికి ఫోను చేయాలి, ఎవరి అనుమతి కావాలి అని వేదిక మీద నలుగురూ నాలుగు మాటలు అంటుండగా, వెనకనుంచి చౌడేశ్వరి మనుషుల్ని తప్పించుకుంటూ వచ్చింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. వంగి షాహిదాను రెండు చేతులమీదికి ఎత్తుకుంది. మెట్లు దిగి బయటికి నడిచింది.

గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. ఎర్ర కార్డు వాళ్లను బయటికి వదలకూడదన్న ఉత్తర్వు అతని జేబులో ఉంది.

"గేటు తియ్యన్నా," అంది చౌడేశ్వరి.

అతను ఆమె ముఖం వైపు చూశాడు, చేతుల్లో ఉన్న పిల్ల వైపు చూశాడు, గేటు తీశాడు. తనే పరుగెత్తి ఆటో ఆపాడు.

ఆస్పత్రిలో ఉన్న డాక్టరమ్మకు వయసు పెద్దగా లేదు. షాహిదా కింది రెప్ప లాగి చూసి, ఎన్నాళ్లయింది తిండి మానేసి అని చౌడేశ్వరిని కోప్పడింది. ఒంట్లో రక్తం బొత్తిగా లేదని, ఇంకొంచెం ఆలస్యమైతే గుండెకే ప్రమాదం వచ్చేదని చెప్పింది. రక్తం ఎక్కించారు. ఈ పిల్లకు రోజూ గుడ్డూ పాలూ ఇవ్వాలని, ఇక ఎవరూ ఈమెను తూచకూడదని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసింది.

షాహిదాకు తెలివి వచ్చాక చౌడేశ్వరి ఇడ్లీ పొట్లం విప్పి ముందు పెట్టింది. షాహిదా ముఖం తిప్పుకుంది. అయితే నేనూ తినను అని చౌడేశ్వరి పొట్లం మూసి పక్కన పెట్టి కూర్చుంది. ఆమె ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినలేదు. కొంతసేపటికి ఆమె కడుపులోంచి పెద్ద శబ్దం వచ్చింది. పక్క మంచం మీద ముసలామె ఉలిక్కిపడి లేచింది. షాహిదాకు నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత వచ్చిన నవ్వు. నవ్వుతూనే చెయ్యి చాపింది. మొదటి ఇడ్లీ తినడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది. చౌడేశ్వరి తొందరపెట్టలేదు.

ఆవేళ అక్కడ సభామందిరంలో తనిఖీ నాయకుడు, ఆ పిల్లను అట్లా ఎత్తుకుని వెళ్లిన అమ్మాయి ఎవరని అడిగాడు. మేడం గారు ఒక్క క్షణం తడబడి, మా మహాసంకల్పం తీర్చిదిద్దిన విద్యార్థిని అని చెప్పారు. ఇంతటి దేహదారుఢ్యం తాను ఏ విశ్వవిద్యాలయంలోనూ చూడలేదని ఆయన రాసుకున్నాడు. ఫలితాల్లో ముక్తాంబ విశ్వవిద్యాలయానికి ఆరోగ్య విభాగంలో మొదటి స్థానం వచ్చింది.

దాంతో చౌడేశ్వరికి సన్మానం చేయక తప్పలేదు. సన్మానగ్రహీతను హాస్టలు నుంచి వెళ్లగొట్టడం మర్యాద కాదు గనక ఆ ఉత్తర్వును 'తాత్కాలికంగా మరచిపోవడమైనది'. ఎర్ర కార్డు మనిషి వేదిక ఎక్కరాదన్న నిబంధన ఒకటి అడ్డొచ్చింది. రిజిస్ట్రారు గారు ఆలోచించి ఆమెకు 'గౌరవ ఆకుపచ్చ కార్డు' మంజూరు చేశారు. పథకం తనకెంత బలాన్నిచ్చిందో చెబుతూ ఆమె చదవవలసిన ప్రసంగం కూడా ఆయనే రాయించి ఇచ్చారు.

సన్మానం రోజున చౌడేశ్వరి ఏ కార్డూ వేసుకోకుండా వచ్చింది. శాలువా కప్పించుకుంది. మైకు ముందు నిలబడి చేతిలో కాగితం మడిచి పట్టుకుంది.

"నాకు మాట్లాడేది రాదు మేడం. షాహిదా హాస్టలుకొచ్చిన కొత్తల్లో కాలు బెణికితే నేనే ఎత్తుకొని మెట్లెక్కినా. నడుమ రెండు తూర్లు దించి ఊపిరి పీల్చుకున్యా. మొన్న ఎత్తుకొని గేటు దాకా పోయినా. నా చేతులకు బరువే తెలియల్యా. దారంతా నాకు అదే భయం."

అంతే చెప్పి దిగిపోయింది.

మందిరంలో చప్పట్లు పడలేదు. ముందు వరుసలో ఒకమ్మాయి మెళ్లోంచి పసుపు కార్డు తీసి కుర్చీ కింద పెట్టింది. పక్కమ్మాయి ఆకుపచ్చది తీసింది. చాలా సేపటిదాకా ప్లాస్టిక్ కార్డులు నేలను తాకే చప్పుడు తప్ప మరేం వినిపించలేదు. మేడం గారు నీళ్లగ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదని తర్వాత వంటమనిషి చెప్పింది.

సన్మానసభ కార్యక్రమ వివరాల్లో రిజిస్ట్రారు గారు ఇలా రాయించారు: 'పథకము వలన విద్యార్థినులలో బరువు అనునది తెలియకుండా పోయినదని సన్మానగ్రహీత స్వానుభవముతో ధ్రువీకరించినది. లక్ష్యము సిద్ధించినందున పథకము విజయవంతముగా ముగించడమైనది.'

కాటాను గోదాములోకి తోశారు. సగం భోజనాలు పోయి పూర్తి భోజనాలు వచ్చాయి. అంటే పూర్తి అన్నమూ పూర్తి సాంబారూ. కూర సంగతి ఎవరూ ఎత్తలేదు. డాక్టరమ్మ ఉత్తరం ఒకటి మిగిలింది. దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేక, 'పథకమునందు అత్యుత్తమ ఫలితములు సాధించి పడిపోయినవారి పునరావాసము' అన్న పేరుతో రోజుకొక గుడ్డు మంజూరు చేశారు. ఆ అర్హత ఉన్నది ఒక్క షాహిదాకే.

ఆమె ఆస్పత్రి నుంచి, ఆ తర్వాత అమ్మ దగ్గరినుంచి తిరిగి వచ్చిన పొద్దున, మెస్సులో సూపర్‌వైజరు తనే స్వయంగా వచ్చి ఆమె కంచంలో గుడ్డు పెట్టాడు. షాహిదా దాన్ని చెంచాతో రెండు చేసి సగం చౌడేశ్వరి వైపు తోసింది.

"మొత్తం తిను మే," అని చౌడేశ్వరి వెనక్కి తోసింది. తర్వాత సూపర్‌వైజరును పిలిచి, తక్కిన పిల్లలకు గుడ్డు రావాలంటే ఏం చేయాలని అడిగింది. ఆయన మంచివాడే. ఉత్తర్వు తెప్పించి రెండుసార్లు చదివాడు. పడిపోయినవారికి అని స్పష్టంగా ఉందమ్మా, పడిపోనివారికి ఇచ్చే అధికారం నాకు లేదు అన్నాడు.

చౌడేశ్వరి కంచం పక్కకు జరిపి, బల్ల మీదనుంచి లేచి, ఉన్నచోటనే దబ్బున నేల మీద పడిపోయింది. గిన్నెలు అదిరాయి. షాహిదా నోట్లో గుడ్డు పెట్టుకుని బిత్తరపోయి చూసి, సంగతి అర్థమై చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వసాగింది. వరుసలో నిలబడ్డ పిల్లలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఎర్ర కార్డుల వాళ్లు ముందు పడ్డారు. తర్వాత పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. ఒకప్పుడు షాహిదాను చూసి కిసుక్కుమన్న పిల్ల చోటు వెతుక్కుని గోడవారగా పడిపోయింది.

రిజిస్ట్రారు గారు కబురందుకుని వచ్చేసరికి మెస్సులో అడుగు పెట్టడానికి సందు లేదు. ఆయన గుమ్మంలోనే ఆగి, వీళ్లందరూ నిబంధనల ప్రకారమే పడిపోయారా అని సూపర్‌వైజరును అడిగారు. ఎవరెట్లా పడిపోవాలో ఉత్తర్వులో రాయలేదు సార్ అన్నాడతను. రిజిస్ట్రారు గారు ఉత్తర్వు తీసుకుని చదివారు. నిజమే, రాయలేదు. ఆయన జేబులోంచి కలం తీశారు.

"ఉడకబెట్టినవే పంపించండి సార్," అని నేలమీదనుంచి ఒక గొంతు వినిపించింది.